వరహాలమ్మ వేరు కుంపటి

నేను ఒక బొగ్గుల కుంపటిని. పుట్టుకతో మాత్రం బకెట్టుని. అడుగు తుప్పు పట్టి నీళ్ళు నిలవడం మానేశాక, గోదావరి గట్టు కింది కమ్మరి ఒకడు నా పొట్టకి కన్నం కోసి, ఊచలు దూర్చి, లోపల మట్టి మెత్తి వరహాలమ్మకి అమ్మాడు. నీళ్ళు మోసే బతుకు పోయి నిప్పు మోసే బతుకు వచ్చింది. నాకేం బాధ లేదు.

చిన్నప్పటి జ్వరంతో వరహాలమ్మకి ఎడమకాలు చచ్చుబడింది. ఆ లోటు నోరు తీరుస్తుంది. తమ్ముడు తాతారావు బడిపంతులు. ఆయన ఇంటిని ఆనుకున్న గదిలో ఆవిడ విడిగా ఉంటూ, నా మీద పెసరట్లు వేసి అమ్ముకునేది. తాతారావు రోజూ బడికి వెళ్ళేముందు ఆ గడప మీద కూర్చుని రెండట్లు లాగించేవాడు. డబ్బులిచ్చిన పాపాన పోలేదు. తమ్ముడే కదా అని ఆవిడా అడగలేదు.

ఆ ఏడు వరదొచ్చి, నన్ను తప్ప పెసలూ బొగ్గులూ పెనమూ అన్నీ పట్టుకుపోయింది. బతుకుతెరువు మునిగిన ప్రతి కుటుంబానికీ సాయం ఇస్తామంది ప్రభుత్వం. అది రాకపోతే వరహాలమ్మ మళ్ళీ అట్లు వేసే దారి లేదు.

ఆఫీసరు చూడ్డానికి వస్తున్నాడనగానే మరదలు నాగరత్నం హడావిడి పడిపోయింది. "పెద్దాయన వచ్చే వేళకి ఈ మసిమొహం ఏంటి వదినగారూ!" అంటూ నన్ను పీచుతో తోమి, తీసుకెళ్ళి తన అటక మీద బోర్లించింది. ఆఫీసరుకి కాఫీ కూడా తన వంటింట్లోంచే తెచ్చింది. మర్యాద అంటే అంత ప్రాణం ఈ మనుషులకి!

"అమ్మా, మీ తమ్ముడి ఆదాయపు పన్ను లెక్కలో ఆయన మీద ఆధారపడ్డ మనిషిగా మీ పేరుంది," అన్నాడు ఆఫీసరు. "విడిగా వండుకుంటుంటే వేరే కుటుంబం అని రాసేవాణ్ణి. ఇక్కడ పొయ్యే లేదు. మీకు విడిగా సాయం రాదు."

ఆయన అటు వెళ్ళగానే వరహాలమ్మ ఇటు తిరిగింది. "ఒరే తాతారావూ! నా కాలు చూపించి పన్ను తగ్గించుకున్నావా? నేను నీ తిండి తిన్నదెప్పుడ్రా?"

"అలా రాస్తే కాస్త కలిసొస్తుందన్నారక్కా..."

"అయితే నిజం వెళ్ళి చెప్పు."

"చెబితే అదంతా మళ్ళీ కట్టాలే!"

అటక మీంచి వింటున్న నాకు ఒళ్ళు మండింది. లోపల నిప్పు లేకుండా మండడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున్నే ఆవిడ నన్ను దింపించింది. పక్కింటి పెసరపిండి, ఎదురింటి పెనం, నాలుగు బొగ్గులు బదులు తెచ్చుకుని, ఆటోలో నన్ను ఒళ్ళో పెట్టుకుని వెళ్ళి, ఆఫీసు గేటు ముందు దించి నిప్పు రాజేసింది. సాయం కోసం వచ్చిన జనం అట్ల కోసం మూగారు.

తాతారావు రొప్పుతూ వచ్చాడు. "అక్కా, పరువు తియ్యకే!"

"పరువు సంగతి తర్వాత. చల్లారిపోతుంది, తిను," అని ఆకులో అట్టు వేసి ఇచ్చింది. అలవాటు ఎక్కడికి పోతుంది? గేటు దిమ్మ మీద కూర్చుని తినేశాడు.

రెండో అట్టు సగంలో ఉండగా ఆఫీసరు బయటికొచ్చాడు. "మాస్టారూ, రోజూ టిఫిను ఇక్కడేనా?"

"బడిలో చేరినప్పట్నుంచీ అక్క దగ్గరేనండి," అన్నాడు నోటినిండా అట్టుతో.

"చూశారా బాబూ, ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో!" అంది వరహాలమ్మ. వరసలో ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు.

తాతారావు నవ్వలేదు. ఆకు పక్కన పెట్టి లేచాడు. "అక్కది వేరు కుంపటేనండి. నేనే తప్పు రాయించాను. పన్ను కట్టేస్తాను, ఆవిడ సాయం ఆవిడకి ఇప్పించండి."

వరహాలమ్మ తల ఎత్తలేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, పొగ అంది. అప్పుడు నాలో పొగ లేదు.

సాయం వచ్చింది. దాంతో ఆవిడ ఏం కొందో తెలుసా? గ్యాసు పొయ్యి! సాక్ష్యం చెప్పినందుకు నాకు దక్కిన బహుమతి పెరడు. అయినా నాకు కోపం లేదు. తాతారావు ఇప్పటికీ పొద్దున్నే వచ్చి గడప మీద కూర్చుంటాడు. తిన్నాక డబ్బులు పెట్టి మరీ లేస్తాడు.

నాలో ఇప్పుడొక నాటుకోడి గుడ్లు పొదుగుతోంది. ఉండనీ. దాన్ని మాత్రం నా మీద ఆధారపడ్డట్టు ఎక్కడా రాయించను.