సిరంజితో ఎనిమిది గంటలు

నూజివీడు క్యాంపస్‌లో కెమికల్ ఇంజినీరింగ్ చెప్పే రాధకి నలభై ఏడేళ్లు. అందులో ఏడేళ్లు ఒక్క పనికే పోయాయి. శరీరం బయట ఎముకని పెంచడం.

స్పాంజిలాంటి చిన్న బిళ్ల ఒకటి ఉంటుంది. రూపాయి కాసంత వెడల్పు, సెంటీమీటరు మందం. మేక ఎముక మూలుగ నుంచి తీసిన కణాలని దాని రంధ్రాల్లోకి ఎక్కించి, గాజు గొట్టంలో బిగించి, పోషక ద్రవాన్ని పంపుతో దాని గుండా నడిపిస్తారు. ఈ మొత్తం ఏర్పాటునే బయోరియాక్టర్ అంటారు. ద్రవం లోపలికి వచ్చే వైపు కణాలు చక్కగా పెరిగేవి. బయటికి పోయే వైపు చచ్చిపోయేవి. ముందున్న కణాలే ఆక్సిజన్ అంతా వాడేసుకుంటే వెనకవాటికి ఏమీ మిగిలేది కాదు. పోనీ అని వేగం పెంచితే ఆ ఉరవడికి కణాలు ఊడి కొట్టుకుపోయేవి. ఈ రెండింటికీ మధ్య సరైన వేగం ఎక్కడో ఉండాలని రాధ ఏడేళ్లుగా వెతుకుతోంది. దొరకలేదు. ప్రాజెక్టు గడువు జూన్ ఆఖరుతో అయిపోతుంది. ఆ సంగతి తలుచుకున్నప్పుడు ఆమెకి బాధ కన్నా ముందు, ఇక సెలవుల్లో పడుకోవచ్చు కదా అనిపించేది. అలా అనిపించినందుకు కాసేపు సిగ్గుపడేది.

ఆమె దగ్గర అయిదేళ్లుగా పరిశోధన చేస్తున్న అమ్మాయి ప్రవల్లిక. వాళ్ల నాన్న ప్రభాకరరావుకి విస్సన్నపేట దగ్గర మామిడి తోట ఉంది. ప్రవల్లిక థీసిస్ దాదాపు పూర్తయింది. ఈ పద్ధతిలో ఇంత మందం ఎముక పెరగదు అన్నదే అందులో తేలిన విషయం. జూన్‌లో హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక కాలేజీలో లెక్చరర్‌గా చేరాలి. ఆఖరి బిళ్ల ఇంకా రియాక్టర్‌లోనే ఉంది. దానికి పంతొమ్మిదో రోజు నడుస్తోంది. ఇంకో రెండు రోజులకి తీసి కోసి చూస్తే పని అయిపోయినట్టే.

మే రెండో వారం, ఒక బుధవారం పొద్దున్న ఎనిమిదింటికి గాలివాన వచ్చింది. అరగంటలో క్యాంపస్ రోడ్డంతా కొమ్మలు పడ్డాయి. కరెంటు పోయింది. యూపీఎస్ మీద పంపు నలభై నిమిషాలు నడిచి ఆగింది.

ల్యాబ్ అసిస్టెంట్ శ్రీమన్నారాయణ తడిసిన గొడుగు తలుపు దగ్గర పెట్టి వచ్చాడు. ఈ ఏడే రిటైరవుతున్న మనిషి.

"జనరేటర్ ఆన్ చేశారండి, మన బ్లాకు స్విచ్చి మాత్రం కాలిపోయిందంట. విజయవాడ నుంచి పార్టు రావాలంటున్నాడు సతీష్. రోడ్డు మీద చెట్లు పడ్డాయండి, ఇప్పట్లో వచ్చేట్టు లేదు."

సతీష్ అంటే క్యాంపస్ ఎలక్ట్రీషియన్.

"పంపు ఆగితే కణాలు ఎంతసేపు ఉంటాయి మేడమ్?" అంది ప్రవల్లిక. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

"ఓ గంట. మధ్యలోవి ముందు పోతాయి."

రాధ కుర్చీలో కూర్చుంది. వదిలేద్దాం అన్న మాట నోటి దాకా వచ్చింది. ఈ బిళ్ల బతికినా చచ్చినా థీసిస్‌లో మారేదేమీ లేదు. ఆమె ఆ మాట అనేలోపే ప్రవల్లిక సొరుగులోంచి పెద్ద సిరంజి తీసి, కవరు చింపి, స్పిరిట్‌తో చేతులు తుడుచుకుంటోంది.

పంపు ఊడదీసి ఆ చోట సిరంజి తగిలించారు. చేత్తో నొక్కితే ద్రవం బిళ్ల గుండా వెళ్లి అవతల సీసాలోకి చేరుతుంది. సిరంజి ఖాళీ అయ్యాక మళ్లీ నింపాలంటే వెనక్కి లాగాలి. అప్పుడు అదే ద్రవం అదే దారిన తిరిగొస్తుంది. అటు నుంచి ఇటు రాకుండా ఆపే కవాటం ల్యాబ్‌లో లేదు.

"వాడిన ద్రవమే మళ్లీ లోపలికి వస్తోంది మేడమ్," అంది ప్రవల్లిక.

"ఏం చేస్తాం. గొట్టాలు రెండు వైపులా సిలికానే కదా, వాటి గోడల్లోంచి కొంచెం గాలి చేరుతుంది. అది చాలు అనుకోవడమే. నిమిషానికి ఒక మిల్లీలీటరు. తొందరపడకు."

పది నిమిషాలు నొక్కాలి, పది నిమిషాలు లాగాలి. ఒకళ్లు నలభై నిమిషాలు పట్టుకుంటే ఇంకొకళ్లు అందుకునేవాళ్లు. వాన వల్ల గది చల్లబడింది. శ్రీమన్నారాయణ హాస్టల్ మెస్సుకి వెళ్లి వేడినీళ్లు క్యానుల్లో పట్టుకొచ్చి టబ్బులో పోశాడు. రియాక్టర్ అందులో నిలబడింది. థర్మామీటర్ ముప్పై ఏడు దగ్గర నిలవడానికి ఆయన ఆ రోజు మెస్సుకి పదకొండు సార్లు తిరిగాడు. మధ్యాహ్నం ఉప్మా తెచ్చి, "మీరు తినండి, కాసేపు నేను పడతాను," అని సిరంజి అందుకున్నాడు. ఆ ముగ్గురిలో ఆయన చెయ్యే స్థిరంగా ఉంది.

బిళ్లకి అవతలి వైపు, ద్రవం బయటికి పోయే చోట, ఆక్సిజన్ కొలిచే చిన్న ప్రోబ్ ఒకటి ఉంది, బ్యాటరీతో నడిచేది. పావుగంటకోసారి దాని అంకె చూసి పుస్తకంలో రాయడం ప్రవల్లికకి అయిదేళ్ల అలవాటు. ఆ రోజు కూడా రాసింది. కుడి చెయ్యి సిరంజి మీద ఉన్నప్పుడు ఎడమ చేత్తో వంకర టింకరగా రాసింది. ఆ అంకెలేం చెబుతున్నాయో చూసే ఓపిక ఇద్దరికీ లేదు.

ఒంటిగంటన్నరకి ప్రవల్లిక ఫోను మోగింది. రాధ స్పీకర్ నొక్కి దగ్గర పెట్టింది.

"అమ్మా, నువ్వు బాగానే ఉన్నావా?" ప్రభాకరరావు గొంతు.

"బాగానే ఉన్నాను నాన్నా. తోట ఎలా ఉంది?"

"సగం పైన రాలిపోయింది. వచ్చే వారం కోద్దామనుకున్నాం కదా. రెండు చెట్లు వేళ్లతో సహా లేచిపోయినయ్."

ప్రవల్లిక సిరంజి మీద వేలు ఆపలేదు. "నేను వచ్చేదా?"

"వచ్చి ఏం చేస్తావమ్మా. రాలినవి ఏరుతున్నాం. అక్కడేం చేస్తున్నావు?"

"కరెంటు లేదు నాన్నా. చేత్తో తిప్పుతున్నాం."

"సరే తిప్పు. అదన్నా నిలబెట్టుకో," అని ఆయన ఫోను పెట్టేశాడు.

ప్రవల్లిక కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. రాధ తన కొంగుతో తుడిచింది. "వెళ్లు, నేను పడతాను," అంది.

"బస్సులు లేవు కదా మేడమ్. ఇంకా నాలుగు నిమిషాలుంది నా వంతు."

సాయంత్రం అయిదింటికి సతీష్ ఎక్కడి నుంచో పాత స్విచ్చి ఒకటి తెచ్చి బిగించాడు. లైట్లు వెలిగాయి. పంపు మళ్లీ తగిలించి ముగ్గురూ కాసేపు అలాగే కూర్చుండిపోయారు. రాధ బొటనవేలు బొబ్బ తేలింది. నడుం నిటారుగా పెట్టలేకపోయింది.

శుక్రవారం ఉదయానికి ద్రవం తెల్లగా మసకబారింది. బూజు పట్టింది. గొట్టాలు అలా ఊడదీసి బిగిస్తే పట్టక ఏమవుతుంది? రాధ బిళ్లని తీసి, క్రిములు చంపే పాత్రలో వేసి మూత బిగించింది. ఏడుపు రాలేదు, కోపం రాలేదు. ఇంటికెళ్లి తలుపేసుకుంటే చాలనిపించింది.

"ఉన్నదాంతో థీసిస్ ఇచ్చెయ్, ప్రవల్లికా. ఇంక చాలు."

ఆ రోజంతా ప్రవల్లిక పుస్తకంలోని అంకెలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తూ కూర్చుంది. నాలుగింటికి రాధ గదిలోకి వచ్చి స్క్రీను తిప్పి చూపించింది.

"బుధవారం అంకెలు తప్పనుకున్నాను మేడమ్. ప్రోబ్ సరిచూశాను, బాగానే ఉంది."

అంతకు ముందు రోజులన్నీ అవతలి వైపు ఆక్సిజన్ పదిహేను, పద్దెనిమిది శాతం దగ్గర పాకుతూ ఉంది. బుధవారం తొమ్మిదిన్నర నుంచి పైకి లేచింది. మధ్యాహ్నానికి నలభై. సాయంత్రం అయిదుకి నలభై నాలుగు. పంపు తగిలించగానే మళ్లీ కిందికి జారింది.

రాధ చాలాసేపు చూసింది. సిరంజి వెనక్కి లాగిన ప్రతిసారీ, గొట్టంలో గాలి చేరిన ద్రవం అవతలి వైపు నుంచి లోపలికి వచ్చింది. ఎప్పుడూ ఆకలితో ఉండే వెనక వైపుకి ముందుగా అందింది. సరైన వేగం కోసం ఏడేళ్లు వెతికారే తప్ప, దిశ మార్చి చూద్దామని తమకి తోచనే లేదు. ఎక్కడో ఎవరో ఇలాంటిది చేసినట్టు ఎప్పుడో చదివినట్టు గుర్తు. చదివి పక్కన పెట్టింది.

"కవాటం లేదని తిట్టుకున్నాం," అంది చివరికి.

ప్రవల్లిక నవ్వలేదు. "ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి చెయ్యాలా మేడమ్? నా వల్ల కాదు. నిజంగా కాదు."

"నువ్వు చెయ్యక్కర్లేదు. అనుకున్నట్టే థీసిస్ ఇచ్చి వెళ్లు. ఇది నేను చూస్తాను."

ప్రవల్లిక జూన్‌లో కాలేజీలో చేరింది. దిశ మారిస్తే ఏమవుతుందో తేలేదాకా థీసిస్ మాత్రం ఇవ్వలేదు. ఇచ్చానని ఇంట్లో చెప్పింది. రాధ ప్రాజెక్టుకి డబ్బిచ్చేవాళ్లకి గడువు మూడు నెలలు పొడిగించమని ఉత్తరం రాసింది. వాళ్లు సరేనన్నారు. పది నిమిషాలకోసారి పంపు తిరిగే దిశ మారేలా శ్రీమన్నారాయణ ఒక టైమర్ కట్టి పెట్టాడు. రాధ రోజూ క్లాసులయ్యాక వచ్చి చూసుకునేది. మొదటి బిళ్ల బూజు పట్టింది. రెండోదాని గొట్టం కారింది. మూడోది ఇరవై ఒక్క రోజులు నిలిచింది.

ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున్నే దాన్ని కోశారు. ప్రవల్లిక హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కి వచ్చింది. బతికిన కణాలు ఆకుపచ్చగా, చచ్చినవి ఎర్రగా కనిపించేలా రంగు వేసి, పల్చటి ముక్కని మైక్రోస్కోప్ కింద పెట్టారు. ముందు రాధ చూసింది. లేచి కుర్చీ ఇచ్చింది.

ప్రవల్లిక ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మెల్లగా జరుపుతూ చూసింది. పచ్చదనం అవతలి అంచు దాకా ఉంది. నట్టనడుమ మాత్రం ఒక చోట ఎర్రగా మచ్చ మిగిలింది.

"మధ్యలో ఇంకా చస్తున్నాయి మేడమ్."

"ఊఁ. రెండు వైపుల నుంచి ఇచ్చినా నడుమకి చాలట్లేదు."

"మరి దీనికేం చేద్దాం?"

"నాకు తెలీదు. నీకు తెలియాల్సిన పనీ లేదు. మచ్చ ఉందని రాయి, ఎంతుందో రాయి. తర్వాత వచ్చేవాళ్లు చూసుకుంటారు."

ప్రవల్లిక మైక్రోస్కోప్ మీంచి తల ఎత్తలేదు. "నాన్నకి నిజం చెప్పాలి. ఇంకో నాలుగు నెలలు పడుతుందని. ఆదివారాలే కుదురుతుంది నాకు."

"ఏమంటారు?"

"ఏమంటారు, తిట్టరు. పడిపోయిన చెట్ల చోట కొత్త మొక్కలు పెట్టి అయిదేళ్లు ఆగాలంటున్నారు ఆయన కూడా."

కణాలు లెక్కపెట్టడం ఇద్దరు విడివిడిగా చెయ్యాలి, ఒకరి లెక్క ఇంకొకరికి తెలియకుండా. మొత్తం నలభై ముక్కలు. సగం సగం చూశాక మార్చుకునేలా రాధ ముక్కల ట్రేని రెండుగా సర్ది, కళ్లజోడు తుడుచుకుని, రెండో మైక్రోస్కోప్ దగ్గర కూర్చుంది. నడుం నొప్పిగానే ఉంది. దిండు ఒకటి వెనక పెట్టుకుని మొదటి ముక్క తీసుకుంది.