సారపాక సుశీలక్క

మా ఆయన రాందాస్ అభిమాన హీరో బొమ్మ ఉన్న టీషర్టును బ్రష్‌తో ఉతకకూడదు. హీరో ముఖం చెరిగిపోతుందట. అందుకని పసిపిల్లకు స్నానం చేయించినట్టు అరచేత్తో రుద్దుతున్నాను. ముందుగదిలోంచి కేక వినబడింది.

"సంగీతా, జల్దీ రా! సుశీలక్క ఏం రాసిందో చూడు."

సుశీలక్క అంటే సారపాక సుశీలక్క. ఇంటర్నెట్‌లో ఆర్కుట్ అనే చోట ఆ హీరో అభిమానుల గుంపు ఒకటుంది. కిందటేడు హీరో పార్టీ పెట్టాక అందులో సినిమా మాటలు తగ్గి రాజకీయాలు పెరిగాయి. బొగ్గుగని ఆఫీసులో గుమస్తా అయిన మా ఆయన ఒకప్పుడు యూనియన్ లీడర్ చెప్పింది నమ్మేవాడు, ఇప్పుడు గుంపు చెప్పింది నమ్ముతాడు. సాయంత్రం ఒక అభిప్రాయంతో కంప్యూటర్ ముందు కూర్చుని, ఇంకో అభిప్రాయంతో అన్నానికి లేస్తాడు. కూర మాత్రం ఎప్పుడూ వేడిగానే ఉండాలి.

"ఎలక్షన్లల్ల ఆడోళ్లకు వేరే సీట్లెందుకు? మన అన్నకు అందరూ తల్లులే" అని ఒకసారి గుంపంతా రాసుకుంది. ఆయన అదే మాట ఇంట్లో అన్నాడు. నేను ఖమ్మంలో డిగ్రీ చదివింది రాజకీయశాస్త్రమే. "తల్లులైతే టికెట్లియ్యొద్దా?" అన్నాను పప్పు ఎనుపుతూ.

"నీకేం తెల్సే? పప్పు మాడుతాంది, చూస్కో."

పప్పు మాడలేదు.

వారం తిరగకుండా అదే మాట సుశీలక్క గుంపులో రాసింది. ఆ గుంపులో ఆడమనిషి ఎవరు రాసినా అక్కే. "అక్కా, కండ్లు తెరిపించినవ్" అని మా ఆయన జవాబిచ్చాడు. వాళ్లమ్మ సోమ్లికి, మా లంబాడీ మాటలో యాడీకి, చదివి వినిపించాడు కూడా. "యాడీ, ఆడమనిషంటే గిట్లుండాలె!"

అత్తమ్మ నావైపు చూసి నిట్టూర్చింది. "మనింట్ల కూడా ఉన్నది చదువుకున్నామె. ఏం లాభం?"

నాకు ఒళ్లు మండిపోయింది. సుశీలక్కకేం, పొయ్యి లేదు, అత్త లేదు. ఆమె మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ మంచినీళ్లడగరు. నిజానికి ఆమె మీద అసూయపడే హక్కు నాకు లేదు. ఆమెను పుట్టించింది నేనే. ఆయన డ్యూటీకి పోయాక మధ్యాహ్నాల్లో అదే కంప్యూటర్ మీద, ముఖానికి బదులు మందారపువ్వు బొమ్మ పెట్టి, మాది కాని ఊరు పెట్టి, ఆటపట్టిద్దామనే మొదలుపెట్టాను. కట్టుకున్నవాడు నన్ను అక్కా అని పిలుస్తుంటే కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. తర్వాత్తర్వాత నవ్వు రాలేదు. నా మాటలన్నీ ఆమె ఎత్తుకుపోతోంది, నాకు పప్పు మిగులుతోంది.

సబ్బు చేతులతోనే ముందుగదిలోకి వెళ్లాను. ఆయన గొంతు పెంచి చదివాడు. "ఇంట్ల ఆడోళ్ల ఓటు ఆడోళ్లదే. ఏ గుర్తుకు వెయ్యాల్నో చెప్పేటోడు అన్న అభిమానే కాదు!" చదవడం ఆపి అత్తమ్మ వైపు, నావైపు తిరిగాడు. "ఎంత మాటన్నది! ఇగ ఈసారి మీకు నేను గుర్తు చెప్ప. మీ ఇష్టం."

"నిజంగనారా?" అంది అత్తమ్మ.

"అవ్ యాడీ. అక్క చెప్పింది."

"పెండ్లయిన కొత్తల నేను గిదే మాటంటే కసురుకున్నవ్ గదా?" అన్నాను.

"నువ్వన్నవా? ఎప్పుడు?" అన్నాడు, నిజంగానే గుర్తులేక.

నేను వెనక్కి వచ్చి బ్రష్ అందుకున్నాను.

మరునాడు ఆయన డ్యూటీకి పోయాక కంప్యూటర్ తెరిచాను. నిజం తెలిస్తే ఎల్లుండి ఓట్లనాడు మళ్లీ గుర్తు చూపిస్తాడేమో. చూపించనీ, లోపల నొక్కేది నా వేలే. సుశీల పేరు కొట్టేసి సంగీత అని రాశాను. సారపాక తీసి కొత్తగూడెం పెట్టాను. మందారం స్థానంలో పర్ణశాలలో ఇద్దరం దిగిన ఫోటో పెట్టి, నా ముఖం మట్టుకు ఉంచి మిగతాది కత్తిరించాను. అంచున ఆయన భుజం, టీషర్టు మీది హీరో చెవి కొంచెం మిగిలాయి. అవి కూడా తీసెయ్యబోయి ఆగాను.

నన్నంటే గుర్తుపట్టడు. టీషర్టునైనా గుర్తుపట్టాలి కదా.