పళ్ళ లోపలివైపు

కూతురి పళ్ళెంలో మిగిలినదాన్ని పారబోయడానికి ఆమెకు ఎప్పుడూ చేతులు రాలేదు. అందరూ తిని లేచాక బల్ల తుడుస్తూ, గిన్నెలు సర్దుతూ ఆ మిగిలిన ముద్దలు నోట్లో వేసుకునేది. అదే ఆమె భోజనం. కూర్చుని తిన్నది కాదు గనక తిన్నట్టు ఎవరి కంటికీ ఆనేది కాదు. "అన్నం పారేస్తే మహాపాపం" అనేది అత్తగారు. కోడలు ఉద్యోగానికి వేసుకునే పాత కోటు గుండీలు పెట్టుకోలేక తంటాలు పడుతుంటే మళ్ళీ ఆవిడే "మనిషన్నాక కాస్త నోరు కట్టుకోవాలమ్మా" అనేది. పాపం చెయ్యకుండా, నోరూ కట్టుకుంటూ ఆ మిగిలిన అన్నాన్ని ఏం చెయ్యాలో మాత్రం చెప్పిన పాపాన పోలేదు.

భర్త చెడ్డవాడు కాదు. చెయ్యెత్తి ఎరగడు, తాగి ఎరగడు. సరదా మనిషి, అంతే. కూతురు పుట్టాక ఆమె ఒళ్ళు చేస్తే "మా బస్తా" అని పిలవడం మొదలుపెట్టాడు. స్నేహితులు భోజనానికి వస్తే "ఆ కుర్చీలో కూర్చోకండి, మా బస్తాని మోసీ మోసీ దాని నడుం పోయింది" అనేవాడు. అందరూ నవ్వేవారు. అందరికంటే ముందు ఆమే నవ్వేది. తను ముందు నవ్వేస్తే మిగతావాళ్ళ నవ్వు అంతగా గుచ్చుకోదని కనిపెట్టింది. ఒకసారి వాళ్ళు వెళ్ళాక, "నలుగురిలో అలా అనకండి" అంది. "సరదాకి అన్నా ఏడుపేనా? నీతో మాట్లాడాలంటే ముందు లాయరుని అడగాలి" అన్నాడతను. ఆమె ఇంకెప్పుడూ ఆ ఊసెత్తలేదు.

ఆమెది పెద్ద హోటల్లో రిసెప్షన్ ఉద్యోగం. వచ్చినవాళ్ళని నవ్వుతూ పలకరించి, గదుల తాళాలు ఇవ్వాలి. డ్యూటీ అయ్యేదాకా నిలబడే ఉండాలి. కుర్చీ ఉండదు. అతిథుల కళ్ళముందు ఏదీ నమలకూడదు. కొత్త యూనిఫాంలు పంచిన రోజు మేనేజరు ఆమెను పక్కకు పిలిచాడు. "మీ కొలతకి విడిగా కుట్టించాల్సి వస్తోంది. నేనేదో అంటున్నానని అనుకోకండి, ముందు నిలబడేవాళ్ళని చూసే కదా జనం లోపలికొచ్చేది" అన్నాడు. ఎంతో మెత్తగా అన్నాడు. ఆమెను నొప్పించిన వాళ్ళెవరూ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఎదురు చెప్పడానికి ఏదో ఒక మాట దొరికేదేమో. అంత మర్యాదగా చెప్పేసరికి తప్పు తన ఒంటిదేనని నమ్మింది. ఆ సాయంత్రం బస్సులో కూర్చుని ఫోన్‌లో బరువు తగ్గడం గురించి వెతికింది. ఆ రోజు నుంచి ఫోను ఆమెను వదల్లేదు. ఎప్పుడు తెరిచినా ఎవరో ఒక సన్నటి అమ్మాయి, ఒకప్పుడు తనూ మీలాగే ఉండేదాన్నని చెప్పేది.

ముందు ఒక పూట మానేసింది. తర్వాత రెండో పూటా. కడుపు మాడ్చుకుంటే ఒళ్ళు వింటుందనుకుంది గానీ, ఒళ్ళు కక్ష కట్టింది. సెలవు రోజు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఫ్రిజ్ ముందు నిలబడి, ఏం తింటున్నదీ రుచి కూడా తెలియకుండా, చేతికందినదల్లా తినేసింది. తిన్నాక భయం పట్టుకుంది. ఆ భయంతో స్నానాలగదిలోకి వెళ్ళి తిన్నదంతా కక్కేసింది. ఇదొక్కసారే అనుకుంది. మర్నాడూ అదే అనుకుంది.

మనిషి చిక్కింది. లోకం మెచ్చుకుంది. భర్త "బస్తా" అనడం మానేసి ఆమె కొత్త ఫొటో తీసి ఆఫీసులో అందరికీ చూపించాడు. మేనేజరు ఆమె బొమ్మను హోటల్ కరపత్రం మీద వేయించాడు. "మా కోడలిది ఉడుంపట్టు, అనుకుందంటే సాధిస్తుంది" అంది అత్తగారు చుట్టాలతో. పెళ్ళయ్యాక ఆవిడ నోటివెంట ఆమె విన్న మొదటి మెప్పు అది. ఆ మాట కోసం ఇంకొన్నాళ్ళు ఓర్చుకోవచ్చనిపించింది. దువ్వెనకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా వస్తోంది. ఎండలో నిలబడ్డా చేతులు చల్లగా ఉంటున్నాయి. నెలసరి ఆగిపోయింది. వీటన్నిటికంటే ఆమెను బాధపెట్టింది ఇంకొకటి. బళ్ళో ప్రాణస్నేహితురాలితో మాటలు ఎందుకు మానేసిందో కూతురు వంటింటి గట్టుమీద కూర్చుని చాలాసేపు చెప్పింది. ఆమె ఊకొట్టింది. "అయితే ఇప్పుడు నేనేం చెయ్యనమ్మా?" అని పిల్ల అడిగినప్పుడు, అంతసేపూ తను రేపు ఏం తినకూడదన్నదే ఆలోచిస్తున్నానని ఆమెకు తెలిసింది. పిల్ల కాసేపు చూసి, దిగి వెళ్ళిపోయింది.

పళ్ళు జివ్వుమంటున్నాయని ఒక ఆదివారం పొద్దున పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. భర్త బయట కూర్చున్నాడు. డాక్టరు జుట్టు నెరిసినావిడ. చిన్న అద్దం నోట్లో పెట్టి చాలాసేపు చూసింది.

"ముందు నుంచి చూస్తే ముత్యాల్లా ఉన్నాయి. లోపలివైపు మాత్రం అరిగిపోయాయి. వాంతులవుతుంటాయా?"

"అప్పుడప్పుడు. గ్యాసు."

డాక్టరు అద్దం పక్కన పెట్టింది. "అవుతాయా, చేసుకుంటారా?"

ఆమె కుర్చీలో వెనక్కి వాలి ఉండటంవల్ల కన్నీళ్ళు చెంపల మీదికి రాకుండా చెవుల్లోకి జారాయి. ఇన్నాళ్ళలో ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. ఎలా తగ్గావని అడిగారు, అంతే.

డాక్టరు కుర్చీని పైకి లేపి చేతికి రుమాలు ఇచ్చింది. "తిట్టడానికి అడగలేదమ్మా. ఇది పొగరు కాదు, పంతం కాదు, జబ్బు. వైద్యముంది. పళ్ళకి నేను తొడుగులు వెయ్యగలను. కానీ ఇది ఆగకపోతే గుండె దాకా పోతుంది."

"మా ఆయనకి చెప్పకండి."

"నేను చెప్పను. అది మీ ఇష్టం. దీనికి వైద్యం చేసే డాక్టరు ఒకావిడ నాకు తెలుసు. ఇప్పుడే ఫోన్ చెయ్యనా?"

ఆమె రుమాలు మడతపెట్టింది, విప్పింది. "చెయ్యండి" అంది.

బయటికొచ్చాక భర్త, "ముందు పళ్ళేమీ పీకరు కదా? వచ్చే వారం మా ఆఫీసు విందుంది" అన్నాడు.

"పీకరు" అందామె.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎప్పటిలాగే నిలబడి వడ్డించింది. కూతురు పళ్ళెం ముందుకు తోసేసి, "నాకొద్దు. రాత్రి కూడా వద్దు. నేనూ అమ్మలా అవుతా" అంది.

"చూశావా, తల్లిని చూసి ఇప్పట్నుంచే నేర్చుకుంటోంది నా బంగారుతల్లి" అని మురిసిపోయింది అత్తగారు.

"మంచిదేగా, పెద్దయ్యాక కష్టపడక్కర్లేదు" అని భర్త నవ్వాడు.

ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది. కూతురి పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాకు జబ్బు చేసింది" అంది. "ఇన్నాళ్ళూ మీరంతా మెచ్చుకుంటున్నది ఆ జబ్బునే."

అత్తగారు నోటి దగ్గరికి తీసుకెళ్ళిన ముద్ద మళ్ళీ పళ్ళెంలో పెట్టింది. భర్త ముందు నవ్వబోయాడు. ఆమె మొహం చూసి ఆగాడు.

"ఏం జబ్బు? పొద్దున డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక ఏం చెప్పలేదేం?"

"రోజూ తిన్నది కక్కేస్తున్నాను. కావాలనే."

అతను కూతురి వైపు చూసి గొంతు తగ్గించాడు. "పిల్ల ముందు ఏం మాటలవి? తిననీ. తర్వాత మనిద్దరం గదిలో మాట్లాడుకుందాం."

"లేదండీ. ఇది తను వినాలి" అందామె. పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుని, మొదటి రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టింది.