మంగతాయారు తిప్పి చూసిన ముక్క

నేను జోస్యం చెప్పే ఒక టారో ముక్కను. పేకముక్కకు దూరపు చుట్టాన్ని, పంచాంగానికి పెంపుడు బిడ్డను అనుకోండి. డబ్బు పోగొట్టే ముక్కల్ని పోలీసులు పట్టుకుంటారు. మతి పోగొట్టేవాటిని ఎవరూ పట్టుకోరు గనక దర్జాగానే బతికాను. నా మీద ఒక మనిషి బొమ్మ ఉంది. ఒంటికాలికి తాడు కట్టి కొమ్మకు తలకిందులుగా వేలాడదీశారు వాణ్ణి. అయినా వాడి మొహంలో ఏ బాధా లేదు. పెళ్లాం చీరలు ఏరుతుంటే బట్టల కొట్లో కూర్చున్న మొగుడిలా నిమ్మళంగా ఉంటాడు. కట్టతో పాటు వచ్చిన చిన్న పుస్తకంలో నా అర్థం ఇలా రాశారు: “ఆగు, తొందరపడకు.”

పుట్టింది శివకాశిలో. ఒకే యంత్రం మీద పొద్దున దేవుళ్ల కాలెండర్లు, మధ్యాహ్నం చిచ్చుబుడ్ల పెట్టెల బొమ్మలు, ఆ తర్వాత మేమూ అచ్చయ్యాం. మమ్మల్ని కోసి కట్ట కట్టినవాడికి ఎవరి భవిష్యత్తు మీదా ఆసక్తి లేదు. భోజనం గంట ఎప్పుడు కొడతారా అన్నదే వాడి బెంగ. మనుషుల్లో నేను చూసిన తెలివైనవాడు వాడొక్కడే.

నన్ను ఎగ్జిబిషన్‌లో కొన్నది హైమవతి గారు, అప్పట్లో పిఠాపురంలో ఉద్యోగం చేస్తున్న ఒక ఆఫీసరు గారి భార్య. మనుషులు పక్కవాడి జాతకం ఒక్కసారే చూస్తారు. తమది మాత్రం నచ్చేదాకా చూస్తారు. భర్తకు సొంతూరికి ట్రాన్స్‌ఫర్ అవుతుందా అని ఆవిడ అడిగారు. నేను వచ్చాను. “చెయ్యి తడిగా ఉంది, ఇది లెక్కలోకి రాదు” అన్నారు. చెయ్యి తుడుచుకుని తీస్తే మళ్లీ నేనే. విసురుగా లేచారు, కప్పులో టీ నా మీద ఒలికింది. ఆరాక నా నడుం వంగిపోయింది. అప్పటినుంచి కట్టను ఎవరు ఎక్కడ విడదీయబోయినా నేను వంగిన చోటే విడిపోతుంది, నేనే బయటపడతాను. దీన్నే మనుషులు విధి అంటారు.

ట్రాన్స్‌ఫర్ అయింది. సొంతూరికి కాదు, ఇంకా అవతలికి. సామాన్లు కడుతూ హైమవతి గారు కట్టను తన జాకెట్లు కుట్టే మంగతాయారు చేతిలో పెట్టి, “నాకు అచ్చిరాలేదు, నువ్వుంచుకో” అని ఆటో ఎక్కారు.

మంగతాయారు భర్త పోయాక మిషను తొక్కుకుంటూ ఒంటరిగా బతుకుతున్న మనిషి. కొలతలిచ్చేటప్పుడు ఊళ్లో ఏ ఆడది ఎంత ఊపిరి బిగబడుతుందో ఆవిడకు తెలుసు. తన సంగతి మాత్రం నన్నడిగేది.

ఆ సంగతి ఎదురుగానే ఉంది. గడియారాలు బాగుచేసే పేర్రాజు కొట్టు. భార్య పోయిన మనిషి. గడియారాలు బాగుచేయించుకునేవాళ్లూ పోయారు. ఒక సోమవారం ప్యాంటు పట్టుకుని ఆవిడ గుమ్మంలో నిలబడ్డాడు.

“మా అక్క భీమవరం వచ్చేయమంటందండి. ఆదివారానికి కొట్టు ఖాళీ చేసేస్తన్నానండి.” నేల చూస్తూ ప్యాంటు మడత సర్దాడు. “మీరు నన్ను చేసుకుంటానంటే మాత్రం వెళ్లనండి.”

“ప్యాంటు ఆదివారానికి ఇస్తాను” అంది మంగతాయారు.

ఆయన వీధి దాటకముందే కట్ట తీసింది. చేసుకోనా, వద్దా? నేనొచ్చాను. మర్నాడూ నేనే. ఆ మర్నాడు ఒళ్లు మండి నన్ను గిర్రున తిప్పింది. వేలాడేవాడు కాస్తా నిలబడ్డాడు.

గుమ్మం పక్కన పూలమ్మే నూకాలు ఇదంతా చూస్తూనే ఉంది. “ఏం మంగమ్మా, ఆ తలకిందులోణ్ణా అడుగుతున్నావు? తిన్నగా నిలబడి అడిగినాయన ఎదురుగా ఉంటే?”

“ఇప్పుడు వీడూ నిలబడ్డాడు కదే!”

“నువ్వు తిప్పితే నిలబడ్డాడు. రేపు ఆయన్నీ అట్టాగే తిప్పుతావు కాబోలు, పాపం!”

మంగతాయారుకు రోషమొచ్చి నన్ను హుక్కుల డబ్బాలో పడేసింది. నేను లేని కట్టలోంచి సూర్యుడు వచ్చాడు. తర్వాత జంటగా గిన్నెలు పట్టుకున్న ఆడామగా వచ్చారు. పుస్తకం ప్రకారం అంతా శుభమే. ఇక లేచి వీధి దాటడమే తరువాయి. ఆవిడ లేవలేదు. వద్దనేవాడు లేకపోయేసరికి భయమేసింది. కాసేపటికి డబ్బా మూత తీసి, హుక్కులు విదిలించి, నన్ను మళ్లీ కట్టలో పెట్టేసింది. ఆగడానికి కూడా ఒక సాకు కావాలి కదా మనుషులకు.

ఆదివారం వచ్చింది. ఎదురుగా ఆటోలో ట్రంకుపెట్టె ఎక్కించి పేర్రాజు ప్యాంటు కోసం వచ్చాడు. ప్యాంటు అందించబోతే మంగతాయారు మోచెయ్యి కట్టకు తగిలి ముక్కలన్నీ నేలపాలయ్యాయి. ఆయన వంగి ఏరుతూ నా దగ్గర ఆగాడు. కంటికి భూతద్దం పెట్టుకుని పరకాయించే అలవాటు కదా, కన్ను చికిలించి చూశాడు.

“ఈయనెవరండీ, లోలకంలా ఉన్నాడు?”

“అది మంచి ముక్క కాదండి. ఏ పనైనా ఆపేయమంటుంది.”

“అదేం మాటండీ! లోలకం వేలాడితేనే కదండీ గడియారం నడిచేది. తిప్పి నిలబెట్టి చూడండి, ఆగిపోద్ది.”

మంగతాయారు ఆయన మొహంలోకి చూసింది. వారంలో అదే మొదటిసారి. “నేను తిప్పి నిలబెట్టే చూశానండి” అంది మెల్లిగా.

“ఆయ్, అందుకే నడవలేదండి.”

ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. కట్టను అడగలేదు, పుస్తకం తిరగేయలేదు. “ఆ పెట్టె దింపించండి” అంది.

“ఆటో బాబూ, నీ బేరం పోయింది!” అని కేకేసింది నూకాలు, మల్లెపూలు మూర కొలవకుండానే తెంపుతూ.

ఇప్పుడు కుట్టు మిషను పైన గోడకు పేర్రాజు గడియారం వేలాడుతోంది. గోడ వంకర. గడియారం తిన్నగా ఉండాలని ఆయన నన్ను రెండుగా మడిచి దాని వెనక దోపాడు. నా వీపు వెనకే లోలకం రోజంతా అటూ ఇటూ ఊగుతుంది. కింద మంగతాయారు పొద్దున్నే కట్ట తీసి, కాకరకాయ వండనా, వంకాయ వండనా అని ఇప్పటికీ అడుగుతుంది. నేను లేను గనక కట్ట ఎక్కడపడితే అక్కడ విడిపోతుంది. ఏ ముక్క వచ్చినా ఆయన వంకాయే అంటాడు, ఆవిడ కాకరకాయే వండుతుంది.