దుంగ కొసన

"ఏమే, గా గిన్నెలు యాడికి పోతయ్? జర వచ్చి గీ దుంగ కొసన బలం పెట్టు."

సీతారాములు కేక వేసినప్పుడు రాజమణి బావి దగ్గర బూడిదతో గిన్నెలు తోముతోంది. బిడ్డను కని ఇంకా నెల తిరగలేదు. కాన్పు చేసిన సాలమ్మ, "బిందెడు నీళ్లు గూడ ఎత్తకు బిడ్డా, లోపలంత పచ్చిపుండు లెక్కుంటది" అని ఒకటికి రెండుసార్లు చెప్పి పోయింది. ఆ మాట అత్త వెంకటనర్సమ్మ చెవిన కూడా పడింది. పడితే మాత్రం ఏం లాభం? "మేం కనలేదా? పొద్దుగాల కని మాపటికి కండెలు చుట్టలేదా?" అని మూతి తిప్పుకుంది. రాజమణి చేతులు కడుక్కుని, కొంగు బిగించి వెళ్లింది. వెళ్లక ఏం చేస్తుంది? ఈ ఇంట్లో మగవాడి కేకకు కాదనే జవాబు ఎవరూ ఇచ్చి ఎరగరు.

హుజూర్‌నగర్ పద్మశాలీల వాడలో మగ్గం వదిలి ఇనుము పట్టిన మొదటివాడు సీతారాములు. పట్నం పోయి మోటారు పని నేర్చుకొచ్చి, ఇంటి పక్కనే రేకుల షెడ్డు వేశాడు. ఆనాడు రాజమణి ఎంత సంబరపడిందో! ఇక కండెలు చుట్టే పని లేదు, నూలుకు గంజి పెట్టే పని లేదు అనుకుంది. అయ్యో పిచ్చిది! మగ్గం పోయి కొలిమి వచ్చింది. తిత్తి ఊదేది ఆమె, కాలిన ఇనుమును పట్టుకారుతో కదలకుండా పట్టేది ఆమె. నలుగురిలో పేరు మాత్రం అతనిది. "ఒక్కడే మనిషి, ఎంత పని చేస్తడో" అని వాడంతా మెచ్చుకునేది.

ఆ రోజు వచ్చిన జీపు గుత్తదారు అమరేందర్ రెడ్డిది. మిలిటరీ వాళ్లు వాడి వదిలేసింది. నందికొండ ప్రాజెక్టు పనులకు దాని మీదే తిరుగుతాడు. దారంతా బండలు. జీపు పొట్ట రాళ్లకు గీసుకుపోతోంది. "ఎట్లన్న చేసి దీన్ని జానెడు లేపు, సీతారాములూ" అన్నాడు. లేపడమంటే, జీపు బరువును మోసే కమాను పట్టీలను విప్పాలి, కాల్చి కొట్టి విల్లులా మళ్లీ వంచాలి, విరిగిన లారీ పట్టీ ఒకటి వాటికి జోడించాలి. అంతకుముందు జీపును చక్రాల మీద నుంచి పైకెత్తి పట్టాలి. జాకీ పళ్లు అరిగిపోయి ఎన్నడో మూలన పడింది. అందుకే జీపు కింద ఒక బండ, బండ మీద దుంగ, ఆ దుంగ కొసన రాజమణి.

"బలం పెట్టు! ఇంక! ఇంక జర!"

రాజమణి ఉలిక్కిపడింది. కాన్పునాడు సాలమ్మ అన్నవీ సరిగ్గా ఈ మాటలే. ఆనాడు ఆ మాటకు బిడ్డ బయటపడింది. ఈనాడు పొత్తికడుపులో ఏదో పట్టు తప్పి, వెచ్చగా కిందికి దిగింది. కళ్లు బైర్లు కమ్మాయి. దుంగ వదిలేద్దామా అనుకుంది. కానీ అతని తల జీపు కిందే ఉంది. వదిలితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. పళ్లు బిగబట్టి, అతను మొద్దులు పేర్చి బయటికి వచ్చేదాకా అలాగే వేలాడింది. అతను చేతులు తుడుచుకుంటూ జీపు వంకే చూశాడు. "చూసినవా, ఎట్ల లేచిందో!" అన్నాడు పొంగిపోతూ.

ఆ జీపు రాళ్ల మీద పొట్ట తగలకుండా పోతోందని నాలుగూళ్లకు తెలిసింది. ఇంకో జీపు వచ్చింది, దాని వెనక ఇంకోటి. ప్రతిదానికీ దుంగ, దుంగ కొసన రాజమణి. మొదట నడుము గుంజింది. తర్వాత పొయ్యి ముందు నుంచి లేచినప్పుడల్లా కిందికి ఏదో జారుతున్నట్టుండేది. ఒకనాడు స్నానం చేస్తుంటే చేతికే తగిలింది, మెత్తగా, కోడిగుడ్డంత. పేగులే బయటికి వస్తున్నాయనుకుంది. తడి చీరతో గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడిపోయింది. ఎవరితో చెప్పాలి? ఏమని చెప్పాలి? ఆ చోటికి ఆ ఇంట్లో ఒక పేరైనా లేదు.

చివరికి సాలమ్మకే చూపించింది. "గర్భసంచి జారింది బిడ్డా. నల్లగొండ దవాఖానల డాక్టరమ్మ ఉన్నది, లోపటికి పెట్టి కుట్లేస్తదట. జల్ది పో" అంది సాలమ్మ. ఆ మాటను రాజమణి ఎన్నో రోజులు నోట్లోనే నానబెట్టుకుని, ఒకనాడు అన్నం పెడుతూ మొగుడి ముందు పెట్టింది. అతను ముద్ద ఆపాడు. "ఆడోళ్ల ముచ్చట నాకెందుకే? అమ్మకు చెప్పు."

"గా గుత్తదారు పటేల జీపు నల్లగొండకు పోతనే ఉంటది గద, జర అడుగరాదు?"

"ఏమని అడగాలె? ఏం రోగమంటే ఏం చెప్పాలె? నా ఇజ్జత్ తీస్తవా ఏంది!"

చెడ్డవాడు అనడానికి లేదు. తాగడు, చెయ్యెత్తడు. జీపు వీధి మలుపు తిరుగుతుండగానే చప్పుడు విని, "ఎడమ దిక్కు పట్టీ అలసిపోయింది, పాపం" అనేవాడు. ఇనుము మీద అంత జాలి! రాజమణి కాళ్లు ఎడం చేసి నడుస్తుంటే మాత్రం, "ఏం నడకనే అది, బాతు లెక్క" అని నవ్వేవాడు.

అత్తకు చెప్పింది. వెంకటనర్సమ్మ చేటలో బియ్యం ఏరుతోంది, తల ఎత్తలేదు. "గుడ్డ ఉండ చేసి లోపటికి పెట్టుకో. పైనుంచి గోచి బిగించుకో. కొన్నొద్దులకు అలవాటైతది."

"నీకెట్ల తెలుసత్తా?"

ముసలామె వేళ్లు ఆగిపోయాయి. "నీ మొగన్ని కన్నంక నాకూ జారింది. బాలెంతనని ఆగితే మగ్గం ఆగుతదా? మీ మామకు గూడ తెల్వదు. కాటికి పోయెదాక తెల్వనియ్యలే."

యాదగిరిగుట్ట పోదామంటే అత్త ప్రతిసారీ మోకాళ్ల నొప్పులని ఎందుకు ఆగిపోయేదో, ఎవరూ లేవకముందే తన గుడ్డలు తానే ఉతికి ఎందుకు దాచుకునేదో రాజమణికి ఇప్పుడర్థమైంది. ఇదంతా మడి అనుకుని ఎన్నిసార్లు లోలోపల తిట్టుకుందో! ఇన్నేళ్లు అదే గాయం మీద కూర్చుని, అదే నోటితో తనను సాధించింది కదా అని ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఏది ఎవరి మీదో ఆమెకే తెలియలేదు.

ఎండలు ముదిరాక అమరేందర్ రెడ్డి జీపు మళ్లీ వచ్చింది. ఇంకో పట్టీ వేయాలట, ఇంకొంచెం లేపాలట. సీతారాములు దుంగ పెట్టి జీపు కిందికి దూరాడు. "ఏమే! రా, బలం పెట్టు."

రాజమణి గడపలో కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. లేవలేదు. మళ్లీ పిలిచాడు. మళ్లీ లేవలేదు.

"ఇంట్ల ఆడది మాట వినదా ఏంది, సీతారాములూ?" అని గుత్తదారు నవ్వాడు.

కొడుకు మాట పోతోందని వెంకటనర్సమ్మ తల్లడిల్లింది. గోడ పట్టుకుని లేచి, కోడలి భుజం మీద చెయ్యి వేసి గుసగుసగా అంది. "నువ్వు కూసో. నేను పెడత. నాది ఎట్లనో జారిందే గద, ఇంక జారేదేమున్నది?"

వెళ్లి దుంగ మీద రెండు చేతులూ వేసింది కూడా. రాజమణి బిడ్డను చాప మీద పడుకోబెట్టి, పరుగున పోయి ఆ చేతులను దుంగ మీద నుంచి తీసేసింది. "ఇగో, జర బయటికి రా" అంది మొగుడితో. అతను రాగానే, అక్కడున్నవాళ్లందరికీ వినబడేలా చెప్పింది.

"నిన్ను కన్నంక మీ అమ్మకు గర్భసంచి జారింది. గీ జీపును లేపినంక నాకు జారింది. ఇంక మా ఇద్దరిల ఎవ్వరం బలం పెట్టం."

గుత్తదారు నవ్వు ఆగింది, చూపు తిప్పుకున్నాడు. "సిగ్గు లేదానే—" అంటూ సీతారాములు మొదలుపెట్టి తల్లి వైపు చూశాడు. ఆమె కొంగుతో మొహం కప్పుకుని నేల మీద కూలబడింది.

లోపలికి వచ్చాక వెంకటనర్సమ్మ నెత్తి కొట్టుకుంది. "మొగోళ్ల ముందర నా మానం తీస్తివి గదనే! నీ నోరు పాడుగాను!" రాజమణి తాను అలా అన్నందుకు బాధపడింది కానీ, అనకుండా ఉండాల్సిందని మాత్రం ఆమెకు అనిపించలేదు.

తెల్లవారి బిడ్డను ఎత్తుకుని నల్లగొండ బస్సు కోసం బయల్దేరింది. సీతారాములు షెడ్డు ముందు నిలబడి, "ఎప్పుడొస్తవ్?" అన్నాడు. ఆమె బిడ్డను భుజాన సర్దుకుని ముందుకు నడిచింది. సగం దారిలో వెనక నుంచి అత్త వచ్చి కలిసింది, చేతిలో సద్దిమూటతో. "దవాఖానల పిల్ల ఏడిస్తే ఎవలెత్తుకుంటరు?" అంది, ఎటో చూస్తూ.

బస్సులో అత్త మనవరాలిని ఒళ్లో వేసుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మిర్యాలగూడ దాటాక పిల్ల మీదికి వంగి, పిల్లనే అడుగుతున్నట్టు మెల్లగా అడిగింది.

"గింత ముసల్దాన్ని... గా డాక్టరమ్మ నన్ను గూడ చూస్తదా?"