శనగగింజంత

మనూబియాకు ఫ్రెంచి రాదని ఆ ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. అందుకే ఆస్పత్రి కాగితాన్ని దాచాలని ఎవరికీ తోచలేదు. టీవీ పక్కన, ప్లాస్టిక్ గులాబీల కూజా కింద పెట్టేసి ఎవరి పనుల్లో వాళ్ళు పడిపోయారు. నోళ్ళకైతే తాళాలు వేసుకున్నారు గానీ కాగితానికి వెయ్యలేదు. అదీ వాళ్ళ తెలివి!

గురువారం పొద్దున దుమ్ము దులుపుతూ ఆమె ఆ కాగితం తీసి చదివింది. ఒకసారి కాదు, మూడుసార్లు. మొదటిసారి ఆమెకు కలిగింది భయం కాదు. చెబితే నవ్వుతారు, సంతోషం! పైనుంచి కిందిదాకా ఫ్రెంచి అంతా ఒక్క మాట దగ్గర కూడా ఆగకుండా చదివేసింది మరి. రెండోసారికి గానీ సంగతి అర్థం కాలేదు. జబ్బు మళ్ళీ వచ్చింది. ఊపిరితిత్తిలో ఒకచోట, కాలేయంలో ఒకచోట. మూడోసారి చదివాక కాగితాన్ని ఎలా ఉన్నదాన్ని అలాగే మడిచి కూజా కింద పెట్టి, గులాబీల మీద దుమ్ము కూడా తుడిచింది.

మొన్న సోమవారమే కదా, భర్త అల్లావా ఆస్పత్రి నుంచి వస్తూ వస్తూ, "అంతా శుభ్రంగా ఉందటే! దేవుడు చల్లగా చూశాడు!" అని మెట్ల మీంచే కేకేశాడు. ఆ సాయంత్రం మసీదు దగ్గర పెద్ద పళ్ళెం నిండా గోధుమరవ్వ కుస్‌కుస్ పంచిపెట్టారు కూడా. అది వండిందెవరు? మనూబియానే. రోగం పోయిందన్న అబద్ధానికి తన చేతులతోనే నాలుగు కిలోల మాంసం ఉడికించింది.

కాన్‌స్టాంటైన్ ఊళ్ళో ఆ జబ్బు పేరు ఎవరూ పైకి అనరు. "అది" అంటారు, గొంతు తగ్గించి. అది వచ్చినవాళ్ళకు అసలే చెప్పరు. చెబితే గుండె పగిలి ముందే పోతారట! ఆరేళ్ళ కిందట రొమ్ములో మొదటిసారి వచ్చినప్పుడు "గ్రంథి వాచింది" అన్నారు. జుట్టు రాలితే "రక్తం తక్కువైంది" అన్నారు. మూడేళ్ళ కిందట రెండోసారి వచ్చినప్పుడు ఇక దాచలేకపోయారు. అప్పుడు మొదలైంది అసలు బాధ. పరామర్శకని పంచదార పొట్లాలు, కాఫీ పొట్లాలు పట్టుకుని వీధి వీధంతా దిగింది. గోడ పొడుగునా కూర్చుని, "పాపం, ఎంత మంచిదో" అంటూ ఆమె ఎదుటే కళ్ళు ఒత్తుకున్నారు. బతికుండగానే మంచిదైపోతే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు?

ఆ రెండుసార్లూ పోయింది ఆమె పరీక్ష. బాక్ అంటే బడి చదువుకు ఆఖరి పరీక్ష, అది గట్టెక్కితేనే విశ్వవిద్యాలయం గుమ్మం తొక్కేది. కొండ ఊళ్ళో అయిదో తరగతితో ఆగిపోయిన మనూబియా, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఇంట్లో కూర్చునే చదువు మొదలెట్టి, పన్నెండేళ్ళు ఒక్కో తరగతీ దాటుకుంటూ అక్కడిదాకా వచ్చింది. జులైలో ఫలితాలు వచ్చిన రోజున ఊళ్ళో ప్రతి బాల్కనీలోంచీ ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ ఆనందంగా కేకలు పెడతారు. తన ముగ్గురు పిల్లలకూ ఆమె గొంతు బొంగురుపోయేలా పెట్టింది. తనకోసం ఆ కేక ఒక్కసారి వినాలని కోరిక. యాభై నాలుగేళ్ళ ఆడదానికి ఉండకూడని కోరికేం కాదది.

రెండుసార్లూ ముందే అందరికీ చెప్పుకుని, మిఠాయిలు చేసి పంచింది. అందుకే దిష్టి తగిలిందని ఆమె నమ్మకం. కాబట్టి ఈసారి ఇంట్లో కూడా చెప్పలేదు. హాల్ టికెట్టు నారింజపూల నీళ్ళు తీసే రాగి బట్టీలో దాచింది. సంగతి తెలిసింది ఒక్క సకీనాకే. కింది అంతస్తులో ఉండే రిటైరైన ఫ్రెంచి టీచరు. రెండేళ్ళుగా, అల్లావా డొమినోలు ఆడ్డానికి పోయిన ప్రతి సాయంత్రమూ ఆమెను కూర్చోబెట్టి రుద్దింది.

వాళ్ళేమో ఆమెకు జబ్బు దాచారు, ఆమేమో వాళ్ళకు పరీక్ష దాచింది. రెండు దాపరికాలూ ఒకే ఆదివారం మీద వచ్చి పడ్డాయి.

వాళ్ళకు వారం సెలవు శుక్రవారం, ఆదివారం పనిరోజే. ఆ శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి ముగ్గురే ఉన్నారు. అల్లావా, మనూబియా, మందుల షాపులో పనిచేసే కూతురు సల్వా. కొడుకులిద్దరివీ వేరే ఊళ్ళు.

"ఏమే, పెట్టె సర్దుకో," అన్నాడు అల్లావా, పళ్ళెంలో మాంసం ముక్క ఆమె వైపు తోస్తూ. "ఆదివారం పొద్దున్నే వేణ్ణీళ్ళ బుగ్గలకు పోతున్నాం. వారం రోజులు. నీక్కాస్త విశ్రాంతి కావాలి."

"ఆదివారం నాకు కుదరదు."

"ఏం, మంత్రిగారు విందుకు పిలిచాడా?"

"బాక్ పరీక్ష. ఆదివారం నుంచి గురువారం దాకా."

చెంచాలు ఆగిపోయాయి. "ఎవరికి?" అన్నాడు అల్లావా.

"నీకైతే కాదులే."

సల్వా తండ్రి వైపు చూసి నవ్వబోయి నవ్వలేకపోయింది. "మరి ఫ్రెంచి పేపరు ఎవరు రాస్తారు యెమ్మా? బాబా రాస్తాడా?"

మనూబియా టీవీ పక్కన కూజా వైపు చూసింది. "అదీ చూద్దాంలే," అంది.

"వచ్చే ఏడు రాయొచ్చుగా యెమ్మా."

"వచ్చే ఏడు ఎందుకే? ఈ ఏడు నాకేమైంది? ఒళ్ళంతా శుభ్రంగా ఉందన్నారుగా. లేదా ఏంటి?"

తండ్రీ కూతుళ్ళు ఏం చెప్తారు? ఒంట్లో బాగోలేదు, ఆగు అనాలంటే అబద్ధం ఒప్పుకోవాలి. నాకు తెలుసని ఈవిడ అన్నదంటే రేపటికల్లా మెట్ల నిండా పంచదార పొట్లాలు, ఏడుపులు, అడుగు బయట పెట్టనివ్వరు. ముగ్గురూ ఒకే పళ్ళెం ముందు కూర్చుని ఎవరి ఉచ్చులో వాళ్ళు బిగుసుకుపోయారు.

"గది దొరకడమే కష్టమైంది యెమ్మా," అంది సల్వా చివరికి, పళ్ళెంలోకి చూస్తూ. "ఆదివారం మనం చేరకపోతే ఇంకొకళ్ళకిచ్చేస్తారు."

"మళ్ళీ ఎప్పుడిస్తారు?"

"మూడు వారాలు. ఇంకా ఎక్కువేనేమో."

గదంటే రాజధాని ఆస్పత్రిలో మంచమని కాగితం చదివిన మనూబియాకు తెలుసు. మూడు వారాలంటే ఏమిటో కూడా తెలుసు. ఆ క్షణాన ఆమెకు నిజంగా భయం వేసింది. సరే, పోదాం పదండి అనే మాట నోటి చివరిదాకా వచ్చింది. కానీ రెండుసార్లు ఆ జబ్బుకోసం ఈ పరీక్షను వదిలింది. వదిలినందుకు అదేమైనా కనికరించిందా?

"బుగ్గలు ఎక్కడికీ పోవుగా. మూడు వారాలకే పోదాం," అంది.

అల్లావా ఇంతెత్తున లేచాడు. "ఈ ఇంట్లో నా మాటకు విలువుందా అసలు?" అని అరిచాడు. అరిచాడే గానీ, ఎందుకు వద్దో ఒక్క కారణం చెప్పలేకపోయాడు. కాఫీ కూడా తాగకుండా చెప్పులేసుకుని పోయాడు.

శనివారం పొద్దున ఆమె తన గుర్తింపు కార్డు అడిగింది. అది లేకపోతే పరీక్ష హాల్లోకి రానివ్వరు. ఆస్పత్రి పనుల కోసం అది ఎప్పుడూ సల్వా దగ్గరే ఉంటుంది.

"బీమా ఆఫీసులో ఇచ్చానే యెమ్మా. సోమవారం గానీ ఇవ్వరు."

పచ్చి అబద్ధం. సంచిని చంకలో అదుముకున్న తీరులోనే తెలిసిపోతోంది. "ఎందుకే నామీద ఇంత కక్ష?" అంది మనూబియా. సల్వా ఏడుస్తూ స్నానాల గదిలోకి పోయి తలుపేసుకుంది.

మనూబియా కిందికి దిగి సకీనాకు చెప్పుకుంది. "కాగితం చదివానని మొహం మీద చెప్పెయ్యి," అంది సకీనా. "ఇంకా ఎన్నాళ్ళమ్మా ఈ దాగుడుమూతలు?"

"చెబితే ఆయన నన్ను ఎత్తి కార్లో పడేసుకుని పోతాడు టీచరమ్మా. చెప్పకపోతే కార్డు రాదు. ఇంకేముంది, అయిపోయింది."

తిరిగి నాలుగో అంతస్తుకు ఎక్కుతూ మూడో అంతస్తు దగ్గర ఆగిపోయింది. ఊపిరి అందలేదు. మెట్ల వల్లేనని నిన్నటిదాకా అనుకునేది. పైకొచ్చి వంటగది కిటికీ దగ్గర కూలబడింది. ఎదురుగా లోయ, లోయ మీద వంతెన, వంతెన మీద ఎటెటో పోయే జనం. ఆరేళ్ళుగా ఆమె తిరిగిన దూరం ఈ వంటగది నుంచి ఆస్పత్రి మంచానికి, ఆ మంచం నుంచి ఈ వంటగదికి. ఇక దాచేదేముందని చరిత్ర పుస్తకం ఒళ్ళో తెరిచి పెట్టుకుంది. ఒక్క వాక్యమూ బుర్రకెక్కలేదు. గుమ్మంలో అల్లావా ఎంతసేపు నిలబడ్డాడో, ఎప్పుడు వెళ్ళిపోయాడో ఆమె చూడలేదు.

ఆదివారం పొద్దున అతనే లేపాడు. "పద. ఆ పిల్ల లేవకముందే పోవాలి." పెట్టె అప్పటికే కారులో ఉంది. మనూబియా ఏమీ అడగలేదు. అడిగే ఓపిక చచ్చిపోయింది. హాల్ టికెట్టు మాత్రం, ఎందుకో ఆమెకే తెలియదు, జేబులో పెట్టుకుంది.

వంతెన దాటాక రాజధాని రోడ్డు ఎడమకు పోతుంది. అల్లావా కుడికి తిప్పాడు. రెండు సందులు దాటి, పిల్లలూ తల్లులూ పోలీసులూ గుమిగూడిన ఒక హైస్కూలు ముందు కారాపి, చొక్కా జేబులోంచి కార్డు తీశాడు.

"దాని సంచిలోంచి తీశాను. ఈ వయసులో కూతురి దగ్గర దొంగతనం," అన్నాడు అటువైపు చూస్తూ. "హాల్ టికెట్టు రాగి బట్టీలో పెడితే ఎవరికీ కనబడదనుకున్నావా? రాత్రి వెతికి చూశా, ఏ బడో."

"ఎందుకయ్యా మరి?"

"శుభ్రంగా ఉందని కేకలేసింది నేనేగా! ఇప్పుడేమని చెప్పి ఆపను? దిగవే, గేటు మూసేస్తారు."

గేటు దగ్గర కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "అమ్మలు లోపలికి రాకూడదమ్మా. పిల్లల్ని పంపించి బయటే ఉండండి."

"పిల్లా లేదు, పీచూ లేదు. పరీక్ష నాదే నాయనా."

వాడు కార్డు చూశాడు, టికెట్టు చూశాడు, తలగోక్కుని తప్పుకున్నాడు. మనూబియా లోపలికి రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. ఇనుప గేటు అప్పటికే కదులుతోంది.

"అల్లావా! కూజా కింది కాగితం గురువారమే చదివాను," అంది గట్టిగా.

అతని మొహం తెల్లగా పాలిపోవడం చూసింది. గేటు మూసుకుంది.

లోపల ఆమె పక్క బల్ల మీద ఉన్న అమ్మాయికి పద్దెనిమిదేళ్ళుంటాయి. "పిన్నీ, మీకు భయంగా లేదా?" అంది గుసగుసగా. "చచ్చేంత భయంగా ఉంది," అంది మనూబియా. ఆ పిల్ల అది పరీక్ష గురించే అనుకుని నవ్వింది. నాలుగున్నర గంటలు ఎవరూ ఆమెను పాపం అనలేదు. ఆ గది కిటికీలకు కమ్మీలున్నాయి, తలుపు దగ్గర మనిషి కాపలా ఉన్నాడు, అయినా ఆరేళ్ళలో ఆమె అంత తేలిగ్గా ఎక్కడా కూర్చోలేదు. మూడో పేజీ దగ్గర దగ్గు తెర వచ్చింది. పిడికిలి నోట్లో కుక్కుకుని, తగ్గాక రాసింది.

మధ్యాహ్నం గేటు తీసేసరికి అల్లావా విడిచిన చోటనే నిలబడి ఉన్నాడు. కళ్ళు వాచిపోయాయి. చేతిలో రొట్టె, ఉడికించిన గుడ్లు, ఉప్పు పొట్లం. ఇద్దరూ గోడ నీడన కూర్చున్నారు.

"మొత్తం చదివావా?" అన్నాడు.

"మొత్తం."

"అయితే నీకూ తెలుసన్నమాట." అతను గుడ్డు పెంకు తియ్యడం మొదలుపెట్టాడు. "నాకు ఆ డాక్టర్ల ఫ్రెంచి ఎక్కడ అర్థమవుతుంది? సల్వా చదివి చెప్పింది. పాత కోత పక్కనే వచ్చిందట, శనగగింజంత. ఇంకెక్కడా లేదట. అంత చిన్నదానికి మూడు వారాలు ఆగితే కొంపేం మునగదని, అందుకేనే కార్డు తెచ్చింది. లేకపోతే తెస్తానా? నువ్వే చెప్పు, అంతే కదా రాసింది?"

మనూబియా అతని వైపు చూసింది. పోయిన ఏడు రక్తపోటు పెరిగి మూతి వంకరపోయిన మనిషి. సల్వా కార్డు ఎందుకు దాచిందో, స్నానాల గదిలో ఎందుకు ఏడ్చిందో ఇప్పుడు తెలిసింది. పాపం, తండ్రికి చిన్నదని చెప్పి, అసలు నిజం ఆ పిల్ల ఒక్కతే మోస్తోంది. నిజం చెబితే ఇతను ఇక్కడే కూలిపోతాడు, లేకపోతే ఇప్పుడే కారెక్కించుకుని పోతాడు. ఈ రెంటిలో తాను దేనికి భయపడుతోందో, నిలదీస్తే ఆమె చెప్పలేకపోయేది.

"అంతే," అంది. "శనగగింజంత."

గొంతు తన చెవులకే కొత్తగా వినిపించింది. కాదు, కొత్తది కాదు. ఆరేళ్ళుగా ఇంట్లో అందరూ ఆమెతో మాట్లాడిన గొంతే అది.

అల్లావా గట్టిగా ఊపిరి వదిలాడు. గుడ్డు మీద ఉప్పు చల్లి ఆమె చేతిలో పెట్టాడు. "తిను మరి. మధ్యాహ్నం ఏం పేపరు?" అన్నాడు. అంతలో జేబులో ఫోను మోగింది. "పొద్దున్నుంచీ సల్వా చేస్తూనే ఉంది. ఎత్తితే తిడుతుందని ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తనా?"

లోపల గంట కొట్టారు. మనూబియా గుడ్డు నోట్లో పెట్టుకుని, ఒంటి మీద రొట్టె పొడి దులుపుకుని లేచింది.

"ఎత్తకు," అంది. "సాయంత్రం నేను మాట్లాడతాలే."