కప్పు పలికిన నాడు

జ్యేష్ఠమాసపు ప్రచండభానుకిరణములచే కాగి కాగి వివర్ణమైపోయిన యాకాశము క్రింద గోదావరీతీరమందలి బొగ్గుగనుల సీమ తెల్లవారీ తెల్లవారకమునుపే వేడినిట్టూర్పులు విడుచుచుండెను. భూగర్భమునుండి పెల్లగించి పోసిన మట్టిగుట్టలు గడ్డిపోచయైనను మొలవని కృత్రిమపర్వతపంక్తులై దిగంతమును మూసివేయగా లారీచక్రముల సంఘట్టనముచే లేచిన కృష్ణరేణువు వేపచిగుళ్లమీదను ఆరవేసిన వస్త్రములమీదను మంచినీటి బిందెల మూతలమీదను ఏ పక్షపాతమును లేక వ్రాలుచుండెను. తొలిషిఫ్టు సైరను దీర్ఘముగా మ్రోగినంతనే నిద్రతేరని కన్నులతో సద్దిడబ్బాలు చేతబట్టుకొని కార్మికులు నాగులబోడు గని ముఖమువైపు మౌనముగా సాగిపోవుచుండిరి.

ఆ గనియందు అండర్ మేనేజరుగా నుండిన శశిభూషణుడు కరీంనగరము వాడు. గనుల ఇంజనీరింగు చదివి పిన్నవయసుననే ఉద్యోగము సంపాదించిన బుద్ధిశాలి. ఐనను వాని హృదయాంతరాళమున నొక రహస్యభయము గూడుకట్టుకొని యుండెను. చేరిన తొలియేడు గని పైకప్పు కూలి మరణించిన యొక వృద్ధకార్మికుని శిలలక్రిందనుండి వెలికి తీయుట చూచిననాటినుండి గనిలోనికి దిగునప్పుడెల్ల వాని అరచేతులు చెమర్చుచుండెను. ఆ భయమును ఎవ్వరికి చెప్పుకొన్నను నగుబాటగునని తలచి దానినుండి తప్పించుకొను త్రోవను మాత్రము వెదకికొనెను. దేశమందలి మేటి మేనేజిమెంటు కళాశాలల ప్రవేశపరీక్షయందు గెలిచి సూర్యకాంతి ప్రవేశించు గదులలో కూర్చుండి బ్రతుకుటయే ఆ త్రోవ.

గతసంవత్సరమున ఆ పరీక్ష వ్రాసి పరాజితుడై తనకు లోపించినది తెలివి కాదు ప్రణాళికయేయని నిశ్చయించుకొనిన శశిభూషణుడు ఈ మారు క్వార్టరు గోడకు నిలువెత్తు పటము నొకదానిని అతికించెను. గణితమునకు ఎరుపు ఆంగ్లపఠనమునకు నీలము తర్కమునకు పచ్చ యని రంగులు నిర్ణయించి ఏ దినమున ఏ పాఠము ముగింపవలయునో ఏ ఆదివారమున నమూనాపరీక్ష వ్రాయవలయునో అందు లిఖించెను. దుర్గమును కట్టు శిల్పివలె ప్రతిగడిని పదేపదే సరిచూచుకొని మురిసిపోయెను. ముగిసిన గడిమీద అడ్డుగీత గీయునప్పుడు వానికి కలుగు సంతోషము పండుగభోజనమునందును కలుగకుండెను.

కాని షిఫ్టులు ప్రణాళికకు లోబడవు గదా! యంత్రములు చెడిన నాడు ఇల్లు చేరుట ఆలస్యమగుచుండెను. నిద్ర చాలక చదివిన వాక్యమే మరల మరల చదువవలసి వచ్చుచుండెను. ఖాళీగడులు పెరిగినకొలది వానికి దిగులు పెరిగెను. అంతట భూగర్భమునందే చదువుటకు వానికి తోచెను. గనియడుగున సున్నము కొట్టిన గోడలును విద్యుద్దీపమును మేజాబల్లయు గల చిన్నగది యొకటి అధికారుల విశ్రాంతికై యుండెను. మొదట భోజనవిరామమున మాత్రమే అచట ప్రశ్నపత్రములు సాధించుచుండిన శశిభూషణుడు క్రమముగా తనిఖీకి పోవలసిన వేళలనుగూడ అందులకే వినియోగింపసాగెను. గడియారము ముందుంచుకొని పత్రము మొదలుపెట్టిన పిమ్మట ముగియువరకు లేవరాదనునది ప్రణాళికలోని కఠిననియమము. ఆ నియమమును వాడెన్నడును తప్పలేదు.

ఆశ్వయుజమాసమున వానలు వెనుకపట్టిన యొకనాటి పగటివేళ కప్పునకు దుంగలు నిలుపు టింబర్‌మన్ ఓదెలు చెమటయు మసియు కలిసి కారుచున్న ముఖముతో ఆ గదిగుమ్మమున వచ్చి నిలిచెను.

“సారూ, మూడో లెవల్ కాడ కప్పు బొంగురుగ పలుకుతాంది. మీరొచ్చి ఒక్కపాలి సూడాలె. పనోళ్లను ఆపమంటరా?”

తట్టి చూచినప్పుడు కప్పు బొంగురుగా పలికినచో అది కూలనున్నదని గుర్తు. పని నిలుపుటకు అధికారి యాజ్ఞ వలయును. శశిభూషణుడు పత్రమునందలి దీర్ఘగద్యమును సగము చదివి యుండెను. గడియారపు ముల్లు పరువెత్తుచుండెను. వాడు తల యెత్తలేదు.

“ముప్పావుగంటల వస్త ఓదెలూ. అప్పటిదాంక నువ్వే జర చూసుకో.”

ఓదెలు క్షణకాలము తటపటాయించి “మంచిది సారూ” అని మరలిపోయెను. శశిభూషణుడు గద్యమును పూర్తిచేసి నాలుగవ ప్రశ్నకు జవాబు గుర్తించుచుండగా సొరంగములగుండ నొక గాలితాకిడి వచ్చి బల్లమీది కాగితములను చెదరగొట్టెను. దాని వెనుకనే మహాభయంకరమైన మ్రోత వినవచ్చెను. అది యేమో వానికి చెప్పవలసిన పని లేకుండెను.

కూలీలు వెనుకకు దుమికి బ్రదికిరి. అధికారి వచ్చులోపల దుంగ యొకటి నిలిపి కప్పును కాపాడవలెనని చూచిన ఓదెలు మాత్రము రాతిపెల్లక్రింద చిక్కుకొనెను. ప్రాణము దక్కెను గాని కుడికాలు తొడవరకు తీసివేయవలసి వచ్చెను.

విచారణాధికారియెదుట మేనేజరు నరహరిరావు ప్రక్కన కూర్చుండిన శశిభూషణుని వారడిగిన ప్రశ్న యొక్కటే. కప్పు సంగతి ఓదెలు ముందుగా నీకు తెలిపెనా?

“నాకు గుర్తు లేదు సార్” అని వాడు చెప్పెను.

అబద్ధమాడలేదనియు మరపు ఎవ్వరికైనను సహజమేయనియు బయటికి వచ్చునప్పుడు తన్ను తాను ఓదార్చుకొనెను. ఆసుపత్రి మంచముమీదనుండి ఓదెలు జరిగినది జరిగినట్లు చెప్పెను గాని దానికి సాక్షి లేకపోయెను. ఎవ్వరి యాజ్ఞయు లేక ఆధారములేని కప్పు క్రిందికి పోయి తన ప్రమాదమును తానే కొనితెచ్చుకొనినవాడని తీర్పు వెలువడెను. స్వయంకృతాపరాధము గనుక వాని భార్య రాజవ్వకు గనియందు రావలసిన కొలువుగూడ నిలిచిపోయెను.

ఇక చెప్పుటకు సంకోచమగుచున్నది. శశిభూషణుడు కొన్నాళ్లు అన్నము సహింపక పడియుండి యొక యుదయమున లేచి గోడపటమును చూచి వెనుకబడిన గడులను లెక్కించి మరల చదువ మొదలుపెట్టెను. అంతకుమున్నెన్నడును లేని యేకాగ్రత వానికి కుదిరెను. తలంపునకు రానీయకూడనిది యొకటి కలవానికి గణితమువంటి శరణ్యము వేరొకటి లేదు. మార్గశిరమున పరీక్ష వ్రాసెను. వానిని మించిన మార్కులు తెచ్చుకొనినవారు మిక్కిలి కొలదిమంది. ఫాల్గుణమున దూరనగరమందలి యొక ప్రసిద్ధకళాశాలనుండి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చెను.

అచ్చట ముగ్గురాచార్యులు కూర్చుండియుండిరి. వారిలో నెరసినజుట్టు గల యొక విదుషి కండ్లజోడు సవరించుకొని ఆంగ్లమున మెల్లగా నిట్లడిగెను. “ఇతరుల క్షేమమునకు మీరు బాధ్యులై యుండి అందు విఫలులైన సందర్భ మేదైన నున్నదా?”

ఇట్టి ప్రశ్నకు వాడు ముందే యొక జవాబు సిద్ధపరచుకొని యుండెను. అది యొక యంత్రము చెడిన కథ. ఐనను నోరు తెరచినంతనే వెలువడినది ఆ కథ కాదు. చిన్నగదియు ప్రశ్నపత్రమును గుమ్మమున నిలిచిన మనుష్యుడును గాలితాకిడియు గుర్తు లేదన్న మాటయు ఒకదానివెంట నొకటి వెలువడెను.

“ఇంత నిష్కపటముగా మాటలాడిన యభ్యర్థిని ఈ యేడు మేము చూడలేదు” అని ఆ విదుషి ఆర్ద్రస్వరముతో పలికెను. మరికొన్ని దినములకు వానికి సీటు లభించెను.

తోటియధికారులు మిఠాయిలు పంచిరి. నరహరిరావు పూలదండ వేసెను. శశిభూషణునికి మొదట గుండెబరువు దిగినట్లే యుండెను. తాను నిజము చెప్పితిని గదా! కాని ఆ యూరట నిలువలేదు. చేదుమందు మ్రింగినవానివలె ముఖము పెట్టుకొని నాలుగు దినములు తిరిగి ఐదవనాటి సాయంసమయమున కార్మికుల కాలనీకి పోయి ఓదెలు ఇంటియెదుట నిలిచెను.

రాజవ్వ వాకిట చింతపండు పిక్క తీయుచుండెను. ఓదెలు నులకమంచముమీద లుంగీ మడిచి లేనికాలిని కప్పుకొని కూర్చుండియుండెను. శశిభూషణుడు కూర్చుండక నిలుచుండియే తలవంచుకొని జరిగినదంతయు చెప్పెను. విన్నవానికిది క్రొత్త వార్త కాదు. ఓదెలు “ఈ ముచ్చట ఇంకెవలికన్న చెప్పినవా సారూ?” అని యడిగెను.

“చెప్పిన. ఇంటర్వ్యూల చెప్పిన.”

“వాళ్లేమన్నరు?”

“సీటిచ్చిన్రు.”

రాజవ్వ చేతిలోని చింతపండు చేటలో వేసి తలయెత్తి చూచెను. ఆమె కన్నులలో కోపము లేకుండెను. కోపమున్నను బాగుండెడిది.

“అంటే నా పెనిమిటి కాలు నీకు ఆడ పనికొచ్చిందన్నట్టు. చెప్పాల్సిన కాడనేమో గుర్తు లేదంటివి.”

“పోయిరా సారూ, పొద్దువోతాంది” అని ఓదెలు ముఖము త్రిప్పుకొనెను.

మరునాడుదయము శశిభూషణుడు నరహరిరావు గదికి పోయి సంగతి విన్నవించెను. ఆయన ఆశ్చర్యపడలేదు. తలుపు మూసివచ్చి తండ్రివలె వాని భుజముమీద చేయి వేసెను.

“ఆ ఫైలు మూసేశాం బాబూ. నీకు మంచి సీటు వచ్చింది, హాయిగా వెళ్లు. ఇప్పుడు తిరగదోడితే నీ సర్టిఫికెట్ పోతుంది, నా మెడకీ చుట్టుకుంటుంది. వాడికి కాలు మొలుస్తుందా చెప్పు?”

ఆ మాటలు ఎంత హితముగా నుండెనో చెప్పనలవి కాదు. శశిభూషణుడు నిజముగనే వెలికి వచ్చెను. కచేరీ మెట్లు దిగెను. గేటువరకు నడిచెను. రెండవషిఫ్టువారు వరుసగా లోపలికి పోవుచు అలవాటుచొప్పున వానికి నమస్కరించుచుండిరి. ప్రతినమస్కారము చేయుటకు వానికి చేయి లేవలేదు. అచటనే యెండలో నిలిచి నిలిచి వాడు మరలి మెట్లెక్కి నరహరిరావు బల్లముందు నిలిచెను.

“రాసుకోండి సార్” అనెను. “ఓదెలు నాకు చెప్పిండు. నేనే పోలేదు.”

విచారణ మరల తెరువబడెను. గనియధికారిగా పనిచేయుటకు శశిభూషణునికి గల సర్టిఫికెట్ రద్దు చేయబడెను. నరహరిరావు మరియొక గనికి బదిలీయై పోవునప్పుడు వానిని పలుకరింపలేదు. విచారణ ముగియువరకు ఊరు విడువరాదన్న యాజ్ఞవలన కళాశాలలో చేరవలసిన గడువు దాటిపోయెను. గడువు పొడిగింపుడని వాడు వ్రాసికొనిన విన్నపమునకు నియమము లనుమతింపవని మర్యాదగా ప్రత్యుత్తరము వచ్చెను. ఆ సీటు మరియొకరికి పోయెను. ఓదెలు నిర్దోషియని వ్రాతమూలముగా తేలెను గాని అందువలన వాని ముఖమున సంతోషరేఖ పొడమినట్లు చూచినవారెవ్వరును లేరు.

లాభమునకు పలికిన సత్యము సభలో మెప్పు పొందును. నష్టమునకు పలికిన సత్యమునకు వినువారైనను దొరకుట యరుదు. ఐనను ఈ రెండవదానినే ఋణము తీరుట యందురు. అదియు సగమే తీరును.

రాజవ్వకు గనియందు కొలువు వచ్చెను. లోనికి దిగువారికి టోపీదీపము లిచ్చు గదిలో ఆమె కిటికీకవతల కూర్చుండును. భూమిపైన సామాను కొట్టులో చిన్నయుద్యోగము చేయుచున్న శశిభూషణుడు ప్రతి ప్రాతఃకాలమున ఆ గదిముందునుండియే పోవలయును. ఆమె వానిని చూడదు. వరుసలో వచ్చిన ప్రతి కార్మికుని ముఖమును మాత్రము ఒక్క క్షణము తేరిపారజూచి దీపము వెలిగించి ఆర్పి మరల వెలిగించి అది సరిగా వెలుగుచున్నదని తెలిసికొనిన పిమ్మటనే వాని చేతిలో పెట్టును.